మొదటి ఫుల్ సస్పెన్షన్ ఎంటీబీ (మౌంటెన్ బైక్) కొనేముందు: హైదరాబాద్ రైడర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

గుట్టల్లో సైకిల్ తొక్కడం మొదలుపెట్టిన వాళ్లకి కొన్నాళ్లకి ఇవే సందేహాలు వస్తున్నాయి. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పేకన్నా ఒకచోట రాసి పెడితే అందరికీ పనికొస్తుందనిపించింది. ఏ ప్రశ్నకి ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు. ధరలన్నీ సుమారు అంకెలే, కొనే రోజు మళ్లీ కనుక్కోండి.

## కొనాలా, వద్దా

ముందు షాక్ ఉన్న నా సైకిల్‌కీ, ఫుల్ సస్పెన్షన్‌కీ అసలు తేడా ఏంటి?

ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్‌లో మాత్రమే సస్పెన్షన్ ఉంటే అది హార్డ్‌టెయిల్. ఫ్రేమ్ వెనక భాగం కూడా పివట్ల (కీళ్ల) మీద కదులుతూ, దాన్ని ఒక షాక్ ఆపుతుంటే అది ఫుల్ సస్పెన్షన్. ఇదంతా నడుం నొప్పి రాకుండా ఉండటానికే అని చాలామంది అనుకుంటారు. ఆ లాభం ఉంది గానీ, అసలు పని పట్టు. రాయి తగిలి వెనక చక్రం గాల్లోకి లేచిన క్షణంలో వెనక బ్రేకూ పనిచేయదు, పెడల్ తొక్కినా ముందుకి పోదు. మంచి షాక్ ఆ చక్రాన్ని వెంటనే నేలకి ఆనిస్తుంది. ఎత్తుపల్లాల బండ మీద ఎక్కేటప్పుడు కూడా ఇది తెలుస్తుంది.

హైదరాబాద్‌లో పెద్ద కొండలే లేవు కదా, ఇక్కడ ఇంత సైకిల్ అవసరమా?

కొండలు లేవు, బండలున్నాయి. మనం దక్కన్ పీఠభూమి మీద ఉన్నాం. కాళ్ల కింద ఉన్నది దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. ఖాజాగూడ గుట్టల దగ్గర చూస్తే ఆ రాయి ఎలా పలకలుగా, గుండ్లుగా విడిపోయిందో కనిపిస్తుంది. మన దగ్గర అరగంట పాటు దిగే వాలు ఉండదు. రెండు మూడు నిమిషాల నిటారు ఎక్కుడు, వెంటనే అంతే చిన్న దిగుడు, మధ్యలో మెట్లలాంటి రాళ్లు, ఒర్రెలు, చెరువు కట్టలు. ఎండిన గ్రానైట్ మీద టైరుకి గొప్ప పట్టు దొరుకుతుంది. అదే బండ మీద పల్చగా మొరం పరుచుకుని ఉంటే చక్రం గోలీల మీద ఎక్కినట్టు జారిపోతుంది. ఇలాంటి నేల మీద చక్రాన్ని నేలకి అంటిపెట్టి ఉంచే సస్పెన్షన్ నిజంగా ఉపయోగమే. కాకపోతే విదేశీ వీడియోల్లో కనిపించే, పెద్ద ట్రావెల్ (చక్రం పైకి కదిలే దూరం) ఉన్న సైకిల్ మనకి అక్కర్లేదు. వికారాబాద్ దగ్గర అనంతగిరి గుట్టలకి వెళ్తే దిగుళ్లు కాస్త పొడుగు. అక్కడికీ మధ్యరకం సరిపోతుంది.

మీరు తొక్కేది నెక్లెస్ రోడ్డు, లేదా 2023లో ఓఆర్‌ఆర్ సర్వీసు రోడ్డు పక్కన వచ్చిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాక్ మాత్రమే అయితే ఫుల్ సస్పెన్షన్ కొనకండి. ఆ డబ్బుకి అద్భుతమైన రోడ్డు సైకిల్ వస్తుంది.

ముందు హార్డ్‌టెయిల్ మీద నేర్చుకోవాలా, నేరుగా ఇదే కొనొచ్చా?

నేరుగా కొన్నా నేర్చుకోవచ్చు. హార్డ్‌టెయిల్ మీద తప్పు దారి పట్టుకుంటే సైకిల్ వెంటనే కుదిపి చెప్తుంది కాబట్టి లైన్ ఎంచుకోవడం త్వరగా అలవాటవుతుంది, అది నిజం. కానీ ఆ కుదుపుకి భయపడి ట్రైల్‌కి (గుట్టల్లోని మట్టిదారికి) రావడమే మానేసినవాళ్లని కూడా చూశాను. తేల్చేది బడ్జెట్. చేతిలో లక్షలోపు ఉంటే మంచి ఎయిర్ ఫోర్క్ (గాలే స్ప్రింగ్‌లా పనిచేసేది) ఉన్న హార్డ్‌టెయిల్ తీసుకోండి, రెండో ఆలోచన వద్దు. అంతకు బాగా పైన పెట్టగలిగి, కనీసం రెండు వారాలకొకసారైనా మట్టిలోకి వెళ్తానన్న నమ్మకం ఉంటే ఫుల్ సస్పెన్షన్‌కి వెళ్లొచ్చు. ఏదో ఒక ఆదివారం స్నేహితుల సైకిల్ అడిగి తొక్కి చూశాక నిర్ణయించుకోండి.

ఆఫీసుకీ ఇదే, ట్రైల్‌కీ ఇదే వాడొచ్చా?

వాడొచ్చు, కానీ వృథా. ముళ్లలాంటి టైర్లు తారు మీద త్వరగా అరుగుతాయి, సైకిల్ బరువుగా నడుస్తుంది. పైగా ఇంత ఖరీదైనదాన్ని ఆఫీసు పార్కింగ్‌లో వదిలితే రోజంతా టెన్షనే. ఆఫీసుకి పాత సైకిల్ ఉంచుకోండి.

## డబ్బు సంగతి

ఆన్‌లైన్‌లో 15 వేలకే డ్యూయల్ సస్పెన్షన్ దొరుకుతోంది. అది కొంటే ఏమవుతుంది?

దయచేసి కొనకండి. ఈ మొత్తం పేజీలో ఒక్కటే గుర్తుంచుకోవాలంటే ఇదే గుర్తుంచుకోమంటాను.

సస్పెన్షన్‌లో రెండు పనులుంటాయి. స్ప్రింగ్ దెబ్బని తీసుకుంటుంది. డ్యాంపర్ ఆ స్ప్రింగ్ తిరిగి ఎగిరే వేగాన్ని నూనె సాయంతో అదుపు చేస్తుంది. 15, 20 వేల సైకిళ్ల వెనక కనిపించే రంగు రంగుల కాయిల్‌లో చాలావరకు స్ప్రింగే ఉంటుంది, డ్యాంపర్ ఉండదు. పెడల్ తొక్కిన ప్రతిసారీ ఊగి మీ శక్తి తినేస్తుంది. దిగుడులో రాయి తగిలితే అంతే బలంగా పైకి తన్నుతుంది, మనిషి హ్యాండిల్ మీదుగా ముందుకి పడతాడు. పివట్లలో బేరింగ్‌ల బదులు ప్లాస్టిక్ బుష్‌లుంటాయి. నాలుగు ట్రిప్పులకే వదులై వెనక చక్రం పక్కకి ఊగుతుంది. స్టీల్ ఫ్రేమ్ కాబట్టి 18 కిలోల పైమాటే, ఎక్కుళ్లలో తోసుకుంటూ పోవాలి. చెడిపోతే బాగు చేయడానికి విడిభాగాలు దొరకవు.

ఈ డబ్బే మీ బడ్జెట్ అయితే సస్పెన్షనే లేని ఫోర్క్, లావు టైర్లు, డిస్క్ బ్రేకులు ఉన్న సాదా ఎంటీబీ ఎంతో నయం. కాలనీలో పిల్లలు ముచ్చటపడి అడిగినా ఇదే చెప్పండి.

మరి నిజమైనదానికి ఎంత పెట్టాలి? ఎందుకంత ధర?

కొత్తదైతే దాదాపు లక్షన్నర దగ్గర మొదలవుతుంది. రెండు నుంచి మూడు లక్షల మధ్య ఉన్నవి మొదటిసారి కొనేవాళ్లకి సరైన చోటు అని నా అభిప్రాయం. ఆపైన పెట్టే డబ్బుకి ఎక్కువగా తగ్గేది బరువు, అది ఇప్పుడే మీకు తేడా తెలిసేంత కాదు.

ధరకి కారణాలు రెండు. ఫోర్క్, షాక్, వెనక భాగాన్ని షాక్‌కి కలిపే లింకేజీ అన్నీ సూక్ష్మంగా తయారు చేయాల్సిన యంత్రభాగాలు. రెండోది, ఇవి దాదాపు అన్నీ బయటినుంచే వస్తాయి. సైకిళ్ల మీద దిగుమతి సుంకాన్ని 2023 బడ్జెట్‌లో 30 నుంచి 35 శాతానికి పెంచారు. కాస్త ఊరట ఏంటంటే, 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. షాపులో పాత రేటు పట్టిక చూపిస్తే ఈ సంగతి అడగండి.

సైకిల్ కాకుండా ఇంకేం ఖర్చులుంటాయి?

హెల్మెట్, మోకాలి ప్యాడ్లు, నిండు వేళ్ల గ్లోవ్స్, షాక్ పంపు, టైర్ సీలెంట్, పంక్చర్ సామాను. వీటికి 20 వేల దాకా పక్కన పెట్టుకోండి. గ్రానైట్ గరుకు రాయి. నెమ్మదిగా పడినా చర్మం లేచిపోతుంది, అందుకే మోకాలి ప్యాడ్లు తప్పనిసరి జాబితాలో రాశాను. ఇవి కాక సస్పెన్షన్ సర్వీసుకి ఏటా కొంత డబ్బు పోతుంది. దాన్ని ముందే లెక్కలో వేసుకోనివాళ్ల సైకిల్ రెండో ఏడాదికి సెల్లార్‌లో దుమ్ము పట్టి కనిపిస్తుంది.

సెకండ్ హ్యాండ్ తీసుకుంటే మోసపోతానా?

జాగ్రత్తగా చూస్తే సగం ధరకే చక్కటి సైకిల్ దొరకొచ్చు. ఈ నగరంలో కొని, నాలుగుసార్లు తొక్కి, ఉద్యోగం మారి అమ్ముకునేవాళ్లు తక్కువేం లేరు. చూడాల్సినవి ఇవి:

ఫోర్క్ మీదా, షాక్ మీదా మెరిసే గొట్టాల పొడవునా గోరుతో రాయండి. గోరు తట్టుకునేంత గీత ఉందంటే నూనె కారుతుంది, ఆ భాగం మార్చాల్సిందే. సీటు పట్టుకుని సైకిల్‌ని కొద్దిగా పైకి లేపండి. చక్రం నేల వదిలేలోపు టక్‌మని ఆడితే పివట్ బేరింగ్‌లో గానీ షాక్ బుషింగ్‌లో గానీ లూజు ఉంది. ముందు బ్రేకు పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపితే ఫోర్క్ పైభాగం కిర్రుమంటే అది ఖర్చైన రోగం. హ్యాండిల్ కింద ఉండే తల గొట్టం దగ్గరా, కింద పెడళ్ల దగ్గరా వెల్డింగ్‌ల పక్కన సన్నటి పగుళ్లున్నాయేమో టార్చి వేసి చూడండి. సైకిల్ తిరగేసి చక్రాలు తిప్పితే వంకర తెలుస్తుంది.

అన్నిటికన్నా ముందు బిల్లు అడగండి. బిల్లు మీది సీరియల్ నంబరు, ఫ్రేమ్ అడుగున చెక్కిన నంబరు ఒకటే కావాలి. బిల్లు పోయిందన్నవాళ్ల దగ్గర ఎంత చవగ్గా వచ్చినా వద్దు. అది ఎవరో పోగొట్టుకున్న సైకిల్ కావచ్చు. చివరి సర్వీసు ఎప్పుడైందని అడగండి. గుర్తులేదంటే ఫోర్క్, షాక్ పూర్తి సర్వీసు ఖర్చు ధరలో తగ్గించమనండి.

## ఏ మోడల్

100, 130, 150, 170 మిల్లీమీటర్లు... నాకు ఎంత ట్రావెల్ కావాలి?

ట్రావెల్ అంటే చక్రం పైకి ఎంత దూరం కదలగలదో ఆ కొలత. 100 నుంచి 120 మి.మీ. వరకు క్రాస్ కంట్రీ, 120 నుంచి 150 వరకు ట్రైల్, 150 నుంచి 180 వరకు ఎండ్యూరో, ఆపైన డౌన్‌హిల్ అని స్థూలంగా అంటారు. మన గుట్టలకి ముందు 130 లేదా 140, వెనక 120 లేదా 130 ఉన్న ట్రైల్ సైకిల్ చక్కగా కుదురుతుంది. 160 దాటినది ఎక్కుళ్లలో బరువనిపిస్తుంది. మన చిన్న దిగుళ్లలో దానికి చేతినిండా పని కూడా దొరకదు. ఎక్కువ మిల్లీమీటర్లు ఎక్కువ భద్రత అనే లెక్క సరికాదు. ఫోర్క్ నాణ్యత, బ్రేకులు, టైర్లు అంతకన్నా ఎక్కువ కాపాడతాయి.

చక్రాలు 29 అంగుళాలా, 27.5 అంగుళాలా?

29 తీసుకోండి. రాళ్ల మీద సులువుగా దొర్లుతుంది, టైర్లు కూడా ఇప్పుడు ఈ సైజులోనే ఎక్కువ రకాలొస్తున్నాయి. ఐదడుగుల రెండంగుళాల లోపు ఎత్తున్నవాళ్లు 27.5 కూడా తొక్కి చూసి తేల్చుకోవాలి. చాలా కంపెనీలు తమ చిన్న సైజులకి 27.5 పెట్టే కారణం కూడా ఇదే.

నా ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు. ఏ సైజు పడుతుంది?

ఎక్కువ బ్రాండ్లలో స్మాల్, కొన్నిటిలో మీడియం. ఎస్, ఎమ్ అనే అక్షరాలు నమ్మొద్దు, ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. రెండు సైకిళ్లని పోల్చాలంటే రీచ్ అనే కొలత చూడండి. నిలబడి తొక్కేటప్పుడు పెడళ్ల నుంచి హ్యాండిల్ ఎంత ముందుంటుందో అది చెప్తుంది. రెండు కాళ్లూ నేల మీద పెట్టి నిలబడితే ఫ్రేమ్ గొట్టానికీ మీకూ మధ్య మూడు నాలుగు వేళ్లైనా ఖాళీ ఉండాలి. స్టాక్ లేదని పెద్ద సైజు అంటగట్టే షాపులున్నాయి. హ్యాండిల్‌ని పట్టి ఉంచే స్టెమ్ మారిస్తే సరిపోతుందంటారు. సరిపోదు, ఆగండి, మీ సైజు తెప్పించమనండి.

ఎయిర్ షాకా, కాయిల్ షాకా?

మొదటి సైకిల్‌కి ఎయిర్. గాలి పీడనం పెంచి తగ్గించి 50 కిలోల మనిషికీ 90 కిలోల మనిషికీ ఒకే షాక్‌ని సర్దొచ్చు. కాయిల్ అయితే బరువుని బట్టి స్ప్రింగే మార్చాలి.

హార్స్ట్ లింక్, సింగిల్ పివట్... ఈ పేర్లలో ఏది మంచిది?

ఇవి వెనక సస్పెన్షన్‌ని ఫ్రేమ్‌కి అమర్చే పద్ధతుల పేర్లు. దీని మీద నిద్ర పాడు చేసుకోకండి. హార్స్ట్ లింక్‌కి ఆ పేరు దాన్ని రూపొందించిన హార్స్ట్ లీట్నర్ నుంచి వచ్చింది. బ్రేకు వేసినా వెనక సస్పెన్షన్ స్వేచ్ఛగా కదలడం దాని గొప్పతనం. సింగిల్ పివట్‌లో బేరింగ్‌లు తక్కువ, దుమ్ములో నిర్వహణ తేలిక. రెండిట్లోనూ మంచివీ ఉన్నాయి, నాసివీ ఉన్నాయి. పేరుకన్నా పివట్ బేరింగ్‌లు ఇక్కడ దొరుకుతాయా అన్నది ముఖ్యం.

స్పెక్ షీట్ అంతా అర్థం కాదు. ముందుగా ఏం చూడాలి?

ముందు ఫోర్క్ చూడండి. లోపల ఎయిర్ స్ప్రింగ్, బయట రీబౌండ్ నాబ్ (స్ప్రింగ్ తిరిగి లేచే వేగాన్ని సర్దేది), గొట్టాల వ్యాసం 34 లేదా 35 మి.మీ. ఉంటే మంచిది. తర్వాత బ్రేకులు, కచ్చితంగా హైడ్రాలిక్. వెనక ఇరుసు 148 మి.మీ. త్రూ ఆక్సిల్ (ఫ్రేమ్ గుండా దూర్చి బిగించే రకం) అయి ఉండాలి, అప్పుడే రేపు చక్రం మార్చాలన్నా సులువుగా దొరుకుతుంది. డ్రాపర్ పోస్ట్ ఉందా? దిగుడు రాగానే సీటుని బటన్‌తో కిందికి దించే ఈ ఏర్పాటు కొత్తవాళ్లకి ఇచ్చే ధైర్యం అంతా ఇంతా కాదు.

గేర్లు ఆఖర్న చూడండి. షోరూముల్లో ఖరీదైన డిరైలర్ (గేర్లు మార్చే భాగం) చూపించి ఆకర్షిస్తారు, ఫోర్క్ మాత్రం చవకది వేస్తారు. ముందు ఒకే పళ్ల చక్రం, వెనక 10 నుంచి 51 పళ్ల దాకా ఉన్న షిమానో డియోర్ 12 స్పీడ్ ఉంటే మన ఏ గుట్టకైనా చాలు. గేర్లు తర్వాత తక్కువ ఖర్చుతో మార్చుకోవచ్చు, ఫోర్క్ అలా కాదు.

కార్బన్ ఫ్రేమ్‌కి వెళ్లాలా?

వద్దు. అల్యూమినియం చాలు. మిగిలిన డబ్బు మంచి ఫోర్క్ మీద పెట్టండి.

## షాపులో

టెస్ట్ రైడ్ అంటే పార్కింగ్‌లో రెండు రౌండ్లే ఇస్తారు. అందులో ఏం తెలుస్తుంది?

చాలా తెలుస్తుంది, ముందు మీ బరువుకి షాక్‌లో గాలి సర్దమని అడిగితే. సర్దకుండా తొక్కితే ఏ సైకిలైనా ఒకేలా ఉంటుంది. కూర్చుని గట్టిగా తొక్కండి, వెనక భాగం ఎంత ఊగుతుందో చూడండి. స్పీడ్ బ్రేకర్ మీద నిలబడి వెళ్లండి. ఫుట్‌పాత్ అంచు దిగండి. హ్యాండిల్ పట్టుకున్నప్పుడు భుజాలు బిగుసుకుంటే సైజు తేడా ఉన్నట్టు. ట్రైల్ మీద తొక్కి చూసే అవకాశం ఇచ్చే షాపు దొరికితే, ధర కాస్త ఎక్కువైనా అక్కడే కొనమంటాను.

షాపు వాళ్లని ఏం అడగాలో తెలియట్లేదు. ఏం అడగను?

ఫోర్క్, షాక్ సర్వీసు ఇక్కడే చేస్తారా, వేరే ఊరు పంపుతారా? పంపితే ఎన్నాళ్లు పడుతుంది? సీళ్ల కిట్లు స్టాక్‌లో ఉంటాయా? ఫ్రేమ్ మీద వారంటీ ఎన్నేళ్లు, రాతపూర్వకంగా ఇస్తారా? డిరైలర్ హ్యాంగర్ విడిగా ఉందా? ఈ హ్యాంగర్ గేరు డిరైలర్‌ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే చిన్న ముక్క. రాయి తగిలితే డిరైలర్ బదులు అది వంగేలా తయారు చేస్తారు. సైకిల్‌తో పాటే ఒకటి అదనంగా కొని బ్యాగులో వేసుకోండి. అది లేక నెలరోజులు సైకిల్ పక్కన పడేసినవాళ్లున్నారు.

## కొన్నాక

సాగ్ సెట్ చేయాలంటున్నారు. అదేంటి, ఇంట్లో చేసుకోవచ్చా?

మీరు కూర్చోగానే సస్పెన్షన్ కొద్దిగా దిగుతుంది. ఆ దిగుడే సాగ్. వెనక 25 నుంచి 30 శాతం, ముందు 15 నుంచి 20 శాతం ఉండేలా పెడతారు. షాక్ స్ట్రోక్, అంటే షాక్ లోపలికి దిగగల మొత్తం దూరం, 50 మి.మీ. అనుకుందాం, 30 శాతం అంటే 15 మి.మీ. హెల్మెట్, నీళ్ల బ్యాగుతో సహా గోడని ఆనుకుని సైకిల్ ఎక్కండి. షాక్ మీదున్న రబ్బరు రింగుని సీలు దగ్గరికి జరపండి, ఊగకుండా కూర్చుని మెల్లగా దిగండి. రింగు ఎంత దూరం జరిగిందో స్కేలుతో కొలవండి. ఎక్కువ జరిగితే గాలి కొట్టాలి, తక్కువైతే తీయాలి. దీనికి షాక్ పంపే కావాలి. మామూలు టైర్ పంపు పనికిరాదు, పెట్రోల్ బంకులో గాలి అసలే వద్దు.

ప్రతి ట్రిప్పులో పంక్చరే. ఏం చేయాలి?

సర్కారు తుమ్మ ముళ్లూ, పల్లేరు కాయలూ ఉన్న నేల మీద ట్యూబుతో తొక్కితే ఇంతే. ట్యూబ్‌లెస్ చేయించండి. లోపల పోసిన సీలెంట్ ముల్లు గుచ్చిన చోట వెంటనే గడ్డకట్టి రంధ్రం మూసేస్తుంది. మన ఎండలకి అది త్వరగా ఆరిపోతుంది కాబట్టి రెండు మూడు నెలలకోసారి ఉందో లేదో చూసి పోయాలి. ట్యూబ్‌లెస్ వల్ల గాలి కూడా తగ్గించుకోవచ్చు. 65, 70 కిలోల మనిషికి 2.4 అంగుళాల టైర్లో ముందు 22, వెనక 25 పీఎస్‌ఐ దగ్గర మొదలుపెట్టి చూడండి. 40 పీఎస్‌ఐ కొట్టించుకుని సస్పెన్షన్ బాగాలేదనేవాళ్లు ఎక్కువ. అయినా ఒక ట్యూబు బ్యాగులో ఉండాలి, రాతి అంచుకి టైరు పక్కన చీలితే సీలెంట్ ఆపలేదు.

వానాకాలంలో తొక్కొచ్చా?

ఎర్ర చల్కా నేలల్లో, మొరం దారుల్లో వాన వెలిసిన మర్నాడు తొక్కడం ఎంతో బాగుంటుంది. నల్లరేగడి ఉన్న వైపు వెళ్లకండి. టైరుకి చుట్టుకుని చక్రమే తిరగదు, తడి దారి కూడా గాడులు పడి పాడవుతుంది. పాచి పట్టిన తడి బండ మీద బ్రేకు వేయకుండా నిటారుగా దాటండి. ఇంటికొచ్చాక బకెట్ నీళ్లతో, మెత్తటి బ్రష్‌తో కడగండి. బైకులు కడిగే సెంటర్‌లో ప్రెషర్ గన్ పివట్ల మీద కొట్టనివ్వకండి. నీళ్లు బేరింగ్ లోపలికి పోయి గ్రీజుని తీసేస్తాయి.

సర్వీసు ఎప్పుడెప్పుడు చేయించాలి?

కిలోమీటర్ల మీద కాదు, తొక్కిన గంటల మీద లెక్క. ఫోర్క్ కింది గొట్టాల సర్వీసు ప్రతి 50 గంటలకి చేయించమంటుంది ఫోర్క్‌లు తయారుచేసే రాక్‌షాక్స్ కంపెనీ. వారానికి మూడు గంటలు తొక్కేవాళ్లకి అది దాదాపు నాలుగు నెలలు. ఇంకో కంపెనీ ఫాక్స్ తన ఫోర్క్‌లకి 125 గంటలు లేదా ఏడాది అంటుంది. మన సన్నటి దుమ్ముకి ఈ గడువులు పొడిగించకండి. ప్రతి రైడ్ తర్వాత మెరిసే గొట్టాలని మెత్తటి గుడ్డతో తుడవడం మీ చేతిలో ఉన్న పని, ఒక నిమిషం పట్టదు. బ్రేకుల్లో షిమానోవి మినరల్ ఆయిల్ మీద నడుస్తాయి, స్రామ్‌లో చాలా మోడళ్లు డాట్ ఫ్లూయిడ్ మీద. ఒకదాంట్లో ఇంకోటి పోస్తే సీళ్లు ఉబ్బి బ్రేకు మొత్తం పాడవుతుంది. కాబట్టి మెకానిక్ చేతిలో ఏ సీసా ఉందో అడిగి చూడండి.

కొత్త సైకిల్‌తో ఒక్కణ్నే గుట్టల్లోకి వెళ్లొచ్చా?

మొదటి కొన్ని నెలలు వద్దు. గండిపేట, హిమాయత్‌సాగర్ పరిసరాల్లో ఆదివారాలు తొక్కే గుంపులుంటాయి, వాళ్లతో కలవండి. దారి తెలిసినవాళ్ల వెనక వెళ్తే ఎక్కడ బ్రేకు వదలాలో కూడా నేర్చుకుంటారు. అనంతగిరి లాంటి చోట్ల అటవీ శాఖ సిబ్బందిని అడిగి, అనుమతి ఉన్న దారిలోనే వెళ్లండి. బండల మీద రంగుతో బాణాలు గీయడం, దారి కోసం రాళ్లు దొర్లించడం చేయకండి. ఈ రాళ్లని కాపాడటానికి సొసైటీ టు సేవ్ రాక్స్ అనే సంస్థ 1996 నుంచి కష్టపడుతోంది. ఎండాకాలంలో ఐదున్నరకల్లా బయల్దేరి తొమ్మిదిలోపు తిరిగిరండి, మనిషికి రెండు లీటర్ల నీళ్లు ఉండాలి. ఒంటరిగా వెళ్లక తప్పకపోతే ఫోన్‌లో లైవ్ లొకేషన్ ఇంట్లోవాళ్లకి పంపి, ఎన్నింటికి వస్తారో చెప్పి వెళ్లండి.